కర్నూలు బడిపిల్లలకు విశ్వవిద్యాలయం వేసవి సైన్సు శిబిరం: నవంబరు నోటు నుంచి జూన్ దాకా

వేసవి శిబిరం అనగానే మన విశ్వవిద్యాలయాల్లో ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది. చల్లటి సెమినారు హాలు, వేదిక మీద వరసగా కుర్చీలు, జ్యోతి ప్రజ్వలన, రోజుకు నాలుగు ఉపన్యాసాలు, ఆఖరి రోజు ధ్రువపత్రాలు, మరునాడు పత్రికలో ఫొటో. పిల్లలు ఎంత మౌనంగా వచ్చారో అంతే మౌనంగా వెళ్లిపోతారు. అలాంటిది చేయాలంటే ఈ వ్యాసం అక్కరలేదు, షామియానా వాళ్ల నంబరు చాలు.

ఇక్కడ చెప్పేది వేరే రకం. మూడు వారాలు గడిచేసరికి ప్రతి పిల్ల దగ్గర, ప్రతి పిల్లవాడి దగ్గర తన చేత్తో కొలిచిన ఒక సంఖ్య ఉండాలి. ఎవరైనా అది తప్పంటే ఎలా కొలిచారో చెప్పి నిలబడగలగాలి. శిబిరంలో ప్రతి ఏర్పాటునూ ఈ ఒక్క ప్రశ్నతో తూచండి: ఇది ఆ సంఖ్యకు పనికొస్తుందా? పనికిరానిది ఎంత ఘనంగా ఉన్నా వదిలేయండి.

ఉదాహరణకు కర్నూలును తీసుకున్నాను. 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు, ఎండకు పేరుపడ్డ ఊరు. అనంతపురంలోనో కడపలోనో చేసేవారు నీళ్ల పేర్లు, తేదీలు కాస్త మార్చుకుంటే సరిపోతుంది.

ఎంతమంది, ఏ తరగతి

ముప్పై ఆరు మంది. నలుగురు చొప్పున తొమ్మిది జట్లు. పై అధికారులు రెండు వందల మందిని తీసుకోమంటారు. సంఖ్య పెద్దదైతే నివేదిక బాగుంటుందని వాళ్ల లెక్క. బ్యూరెట్ (ద్రవాన్ని చుక్కలుగా వదిలి కొలిచే గాజు గొట్టం) ముందు నలుగురికి మించి నిలబడితే ఐదోవాడు ప్రేక్షకుడే అవుతాడు. ఈ మాటను మొదటి సమావేశంలోనే చెప్పి, ముప్పై ఆరు దగ్గర గట్టిగా నిలబడండి. కావాలంటే మరుసటి ఏడు ఇంకో విభాగం ఇంకో ముప్పై ఆరు మందితో చేస్తుంది.

ఎనిమిదో తరగతి పూర్తిచేసినవారు అన్నివిధాలా అనుకూలం. తొమ్మిది పూర్తయిన పిల్లలకు చాలా ప్రైవేటు బడుల్లో వేసవిలోనే పదో తరగతి పాఠాలు మొదలవుతాయి. పది రాసినవారిని కార్పొరేట్ కళాశాలల బ్రిడ్జి కోర్సులు లాక్కుపోతాయి. వాటితో పోటీ పడకండి, పడితే శిబిరం కూడా కోచింగ్ అయిపోతుంది. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అన్న మాట కరపత్రంలో కనిపిస్తే తల్లిదండ్రులు ఎగబడి వస్తారు, నాలుగో రోజుకల్లా పిల్లలు బిట్లు అడుగుతారు.

తేదీల విషయంలో ప్రకృతి కొంత నిర్ణయిస్తుంది. బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. రోళ్లు పగిలే ఎండంటారు, ఆ లోపు ముగించాలి. కాబట్టి మే మొదటి వారం నుంచి మూడు వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం పదిహేను రోజులు. శనివారం ఖాళీగా ఉంచితే విద్యుత్తు కోతతోనో గాలివానతోనో పోయిన రోజును పూడ్చుకోవచ్చు.

కాగితాల పని

ఇది నవంబరులో మొదలుకావాలి. మేలో జరిగేదానికి నవంబరేమిటని అడిగేవారు విశ్వవిద్యాలయంలో ఫైలు నడక చూడనివారు. విభాగాధిపతి నుంచి నోటు, అంటే అనుమతి, డబ్బు అడిగే ప్రతిపాదన, రిజిస్ట్రారుకు, అక్కడి నుంచి ఫైనాన్స్ అధికారికి, తర్వాత ఉపకులపతికి వెళ్తుంది. మధ్యలో ఒక సందేహం రాసి వెనక్కి పంపితే నెల పోతుంది. నోటు రెండు పేజీలు దాటకుండా, చివర ఒకే పట్టికలో ఖర్చుతో రాయండి.

అసలు చిక్కు మార్చి 31. ఆర్థిక సంవత్సరం అక్కడ ముగుస్తుంది, శిబిరం దాని తర్వాత జరుగుతుంది. డబ్బంతా ఒకే అడ్వాన్సుగా తీసుకుంటే ఖర్చుకాని భాగాన్ని వెనక్కి కట్టి మళ్లీ అడగాల్సి వస్తుంది. మంజూరును మొదటే రెండుగా విడగొట్టించండి. రసాయనాలు, పరికరాలు మార్చిలోగా కొని స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. భోజనం, ప్రయాణం, గౌరవవేతనం ఏప్రిల్ తర్వాత పద్దులోకి రావాలి.

ఖర్చు పట్టికలో అల్పాహారం, బస్సు పైన ఉండాలి, పరికరాలు కింద ఉండాలి. పిల్లలు 36, మార్గదర్శకులు (జట్టుకొక ఎమ్మెస్సీ విద్యార్థి) 9, అధ్యాపకులు, అటెండర్లు కలిపి 5 అనుకుంటే రోజుకు 50 ప్లేట్లు, పదిహేను రోజులకు 750. తాగునీరు మనిషికి రెండు లీటర్ల చొప్పున రోజుకు వంద లీటర్లు, అంటే ఇరవై లీటర్ల డబ్బాలు ఐదు. విశ్వవిద్యాలయం డబ్బు చాలకపోతే కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడగవచ్చు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో విద్య ఉంది. కాకపోతే ఇచ్చేవారి బ్యానరు ఎంత పెద్దదో ముందే మాట్లాడుకోండి.

మే నెలలో క్యాంపస్ ఎలా ఉంటుందో ఫిబ్రవరిలోనే విచారించాలి. ప్రయోగశాలలో సెమిస్టరు పరీక్షలేమైనా ఉన్నాయా, హాస్టలు మెస్సు నడుస్తుందా, ట్యాంకు నిండుతుందా, అన్నిటికన్నా ముఖ్యంగా ల్యాబు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన సెలవు ఎప్పుడు? ల్యాబ్ అటెండరును మొదటి సమావేశానికే పిలిచి కూర్చోబెట్టండి. ఏ సీసా ఎక్కడుందో ప్రొఫెసరుకన్నా ఆయనకే తెలుసు. గౌరవవేతనం జాబితాలో ఆయన పేరు లేకుండా ఫైలు కదపవద్దు.

పిల్లల ఎంపిక

మార్కులు అడగకండి. మార్కులున్న పిల్లలకు ఎలాగూ ఏదో ఒకటి దొరుకుతుంది. జిల్లా విద్యాశాఖాధికారి నుంచి అనుమతి లేఖ తీసుకుని, మున్సిపల్, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు స్వయంగా వెళ్లి సైన్సు ఉపాధ్యాయులను కలవండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి ఉదయమే వెళ్లాలి. ఒక్కో బడి నుంచి కనీసం ఇద్దరు రావాలి. ఒంటరిగా వచ్చినవారు మొదటి వారంలోనే మానేస్తారు.

దరఖాస్తు ఒకే పేజీ. ఒకే ప్రశ్న: మీ ఇంట్లోగానీ వీధిలోగానీ మీకు అర్థంకాని విషయం ఏమిటి? తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు దేనిలోనైనా రాయవచ్చు. కర్నూలు పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది ఉన్నారు, ఉర్దూ మాధ్యమం బడులూ ఉన్నాయి. దరఖాస్తు తెలుగులో మాత్రమే ఉంటే వాళ్లు రారు, ఎందుకు రాలేదో మీకు తెలియదు. జవాబుల్లో అక్షరదోషాలు చూడకండి. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని అందరూ రాస్తారు. మా కుండలో చల్లబడతాయి, పక్కింటి కుండలో చల్లబడవు అని రాసిన పిల్లను వదలకండి.

సగం మంది అమ్మాయిలు ఉండాలంటే సంకల్పం చాలదు, బస్సు కావాలి. విశ్వవిద్యాలయం ఊరికి దూరం. రాజ్ విహార్, సి క్యాంపు, కల్లూరు వైపు నుంచి పిల్లలను ఎక్కించుకుని తిరిగి అక్కడే దింపే బస్సును, అందులో ఒక మహిళా మార్గదర్శకురాలిని ఏర్పాటు చేస్తే తల్లుల సందేహం చాలావరకు తీరుతుంది. మిగిలినది సాయంత్రం బడిలో పెట్టే సమావేశంలో తీరాలి. ఆ సమావేశం ఆరు తర్వాతే పెట్టండి, పనులకు వెళ్లినవారు అప్పుడే వస్తారు.

ఇంకో మాట. ఊళ్లో చాలా ఇళ్లలో వేసవి సంపాదన కాలం కూడా. కొందరు అబ్బాయిలు మెకానిక్ షెడ్డులోనో కొట్టులోనో కూర్చుంటారు, అమ్మాయిలకు ఇంటిపని, చంటిపిల్లలు. శిబిరం మధ్యాహ్నానికి ముగిసిపోతే సాయంత్రం వాళ్ల చేతిలో ఉంటుంది. మధ్యాహ్నానికి ముగించడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

సమ్మతి పత్రంలో బిడ్డకున్న జబ్బులు, వాడుతున్న మందులు, ఎవరు వచ్చి తీసుకెళ్తారో రాయించుకోండి. ఆధార్ నకలు అవసరం లేదు, అడగవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. ఫొటోలకు విడిగా సంతకం తీసుకోండి, వద్దన్నవారి పిల్లలను గుంపు ఫొటోలోనూ పెట్టకండి.

మార్గదర్శకులు

జట్టుకు ఒక ఎమ్మెస్సీ విద్యార్థి. తొమ్మిది మందినీ ఏప్రిల్‌లో మూడు రోజులు కూర్చోబెట్టి, పిల్లలు చేయబోయే ప్రతి ప్రయోగాన్నీ వాళ్లచేత చేయించండి. అది తేలిక. కష్టమైనది జవాబు చెప్పకుండా ఉండటం నేర్పడం. మన చదువుల్లో పదిహేనేళ్లు జవాబులు అప్పజెప్పి వచ్చిన విద్యార్థికి, ఎదుటివాడు తడుముకుంటుంటే ఊరుకోవడం చేతకాదు. ఒకరు పిల్లవాడిలా ప్రశ్నలడిగితే ఇంకొకరు ప్రశ్నతోనే బదులివ్వాలని సాధన చేయించండి. ‘నీకేమనిపిస్తోంది?’, ‘దాన్ని ఎలా పరీక్షిద్దాం?’ అన్నవి రెండూ నాలుక చివర ఉంటే సగం శిక్షణ అయినట్లే.

అదే శిక్షణలో రక్షణ నియమాలు కూడా. పెద్దవారెవరూ ఒక బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల ఫోను నంబర్లు మార్గదర్శకుల దగ్గర ఉండకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, సంస్థ పరువు అనే సాకు అక్కడ నిలవదు. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి గది గోడ మీదా ఉండాలి.

శిబిరం విషయం: నీళ్లు

శిబిరానికి ఒకే విషయం పెట్టుకోండి. రోజుకో కొత్త ప్రయోగం పెడితే అది సర్కస్. కర్నూలులో నీళ్లకు మించిన విషయం నాకు కనిపించలేదు. తుంగభద్ర నీళ్లు వచ్చే మున్సిపల్ కుళాయి, ఇంటి బోరు, కొనుక్కునే డబ్బా నీళ్లు, మూడూ ఒకే వీధిలో ఉంటాయి. ప్రతి ఇంట్లోనూ ఏది మంచిదో ఒక నమ్మకం ఉంటుంది.

మొదటి రోజు ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి లీటరు నీళ్లు తేవాలి. సీసా మీద పేరు వద్దు, జట్టు సంఖ్య, ఏ రకం నీళ్లు, ఏ గంటకు పట్టారు అన్నవి చాలు. మొదట వాసన, రంగు, సబ్బు నురగ చూడనివ్వండి. ఏ నీళ్లు కఠినమైనవో, అంటే సబ్బు నురగ రానివ్వని లవణాలు ఎక్కువున్నవో, ముందే అంచనా రాయించి కవరులో మూయండి. ఆ కవరు లేకపోతే కొలత వచ్చాక ‘నేను ముందే అనుకున్నాను’ అని అందరూ అంటారు.

కఠినత్వం కొలవడానికి ఈడీటీఏ టైట్రేషన్: ఆ లవణాలను పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని రంగు మారేదాకా చుక్కలుగా వేసి, ఎంత ఖర్చయిందో చూడటం. పద్ధతి పాతదే, రంగు మారడం కళ్లకు కనబడుతుంది, గణితం ఎనిమిదో తరగతి స్థాయిలో ఉంటుంది. లీటరుకు 3.72 గ్రాముల డైసోడియం ఈడీటీఏ కలిపితే 0.01 మోలార్ ద్రావణం వస్తుంది. 50 మిల్లీలీటర్ల నమూనాకు పీహెచ్ 10 దగ్గర నిలిపి ఉంచే బఫరు ద్రావణం, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక వేస్తే ద్రాక్షసారా ఎరుపు వస్తుంది. టైట్రేట్ చేస్తూ పోతే నీలంగా మారుతుంది. ఈ పరిమాణాల్లో ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 20 మిల్లీగ్రాముల కఠినత్వానికి సమానం. ఇరవై ఎక్కం వచ్చినవారికి అంతకు మించి లెక్క లేదు. 36 నమూనాలు, ఒక్కోటి మూడుసార్లు, సగటున 25 మిల్లీలీటర్లు అనుకుంటే 2.7 లీటర్లు కావాలి. ఒలకబోసుకునేది, నేర్చుకునేటప్పుడు పోయేది కలుపుకుని నాలుగు లీటర్లు చేసిపెట్టండి. బఫరులో అమ్మోనియా ఉంటుంది, దాన్ని మార్గదర్శకులే కిటికీలు తెరిచి కలపాలి.

మూడుసార్లు కొలిస్తే మూడు జవాబులు వస్తాయి. శిబిరంలో అతి విలువైన గంట అదే, కంగారుపడి సగటు తీసేయకండి. ఒకరు చుక్క రంగు మారగానే ఆపారు, ఒకరు ఇంకో రెండు చుక్కలు వేశారు, ఒకరు బ్యూరెట్‌ను పైనుంచి చూసి చదివారు. పిల్లలే కారణాలు వెతికి, జట్టుకు ఒక నియమం రాసుకుని మళ్లీ కొలవాలి. బడి ప్రయోగాల పుస్తకంలో ముందే తెలిసిన జవాబుకు అంకెలు సరిచేసి రాయడం అలవాటైన పిల్లలు ఇక్కడ కాస్త బిత్తరపోతారు. సరైన జవాబు ఎంత అని అడుగుతారు. మాకూ తెలియదని చెప్పండి, అది నిజం కూడా.

పోల్చడానికి భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, ఉంది. కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం, వేరే వనరు లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. కరిగిన ఘనపదార్థాలకు ఆ అంకెలు 500, 2000. ఫ్లోరైడ్‌కు 1.0, 1.5. ప్రతిదానికీ రెండు అంకెలు ఎందుకున్నాయో పిల్లలనే ఆలోచించనివ్వండి, సగం పూట దాని మీదే గడుస్తుంది. ఫ్లోరైడ్ సీమ నేలల్లో పట్టించుకోవలసినదే, కానీ కిట్టుతో వచ్చిన అంకెను విశ్వవిద్యాలయం పరికరంతో సరిచూడకుండా ఎవరికీ చెప్పవద్దు. కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ కనీసం 0.2 ఉండాలి. దాన్ని నీళ్లు పట్టిన చోటే కొలవాలి, సీసాలో బస్సెక్కి వచ్చేసరికి తగ్గిపోతుంది.

సూక్ష్మజీవులకు హెచ్‌టూఎస్ వయల్ (చిన్న సీసా) పరీక్ష తేలిక. నీళ్లు నింపి గది వేడిలో ఉంచితే మలకాలుష్యం ఉన్న నమూనా ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. మన మే నెలకు ఇంక్యుబేటరు కూడా అక్కరలేదు. నల్లబడ్డ వయల్‌ను పిల్లలు తెరవకూడదు, బ్లీచింగ్ వేసి అటెండరు పారవేయాలి.

శిబిరం తాగునీటి డబ్బాను కూడా మొదటి రోజే పరీక్షకు పెట్టండి. పిల్లలు ఎలాగూ అడుగుతారు.

ఫలితం బాగాలేకపోతే ఏం చేయాలన్నది నల్లబడ్డ వయల్ చేతిలో ఉన్నప్పుడు కాదు, ముందే నిర్ణయించుకోవాలి. ఏ ఇంటి నీళ్లు చెడ్డవో నలుగురిలో చెప్పకూడదు. అధ్యాపకుడొకరు ఆ ఇంటివాళ్లతో విడిగా మాట్లాడి, మళ్లీ నమూనా తీసి, కాచి తాగడం గురించి చెప్పాలి. కాస్తే సూక్ష్మజీవులు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదన్నది కూడా అప్పుడే చెప్పాలి. కుళాయి నీళ్లలో అదే వీధి నుంచి రెండు మూడు నమూనాలు చెడితే ఇళ్ల గుర్తులు లేకుండా నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగానికి లేఖ రాయండి. పత్రికకు కాదు. పిల్లల కొలతను పట్టుకుని గొడవలోకి దిగితే మరుసటి ఏడు తల్లిదండ్రులు నీళ్ల సీసా ఇవ్వరు.

ఒక్క మధ్యాహ్నం: నీడలేని వేళ

పన్నెండు దాటాక ఎవరినీ ఎండలోకి పంపకూడదన్న నియమానికి ఒకే మినహాయింపు, అదీ పది నిమిషాలే. కర్నూలు అక్షాంశం దాదాపు 15.83 డిగ్రీలు. మే 4 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం 12 గంటల 15 నిమిషాలకు నిటారు కడ్డీ నీడ దాని పాదంలోనే ఇమిడిపోతుంది. పన్నెండుకే ఎందుకు కాదని తప్పక అడుగుతారు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గరి సమయాన్ని చూపిస్తాయి, మనం దానికి పడమరగా ఉన్నాం.

మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందని చాలామంది అనుకుంటారు. మే 4 నుంచి ఆగస్టు 8 ప్రాంతం దాకా కర్నూలులో అది దక్షిణానికి పడుతుంది. చెప్పకండి, సుద్దముక్కతో నేల మీద గీయించండి. ఇంటి మేడ మీద సెలవుదినాన మళ్లీ చూసి వచ్చినవారు ఉంటారు.

అనంతపురంలో ఒక బడితో మాట్లాడుకుంటే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. అది కర్నూలుకు దాదాపు 128 కిలోమీటర్లు దక్షిణాన, 1.15 డిగ్రీల తేడాతో ఉంది. కర్నూలులో నీడ లేని రోజున అక్కడ మీటరు కడ్డీకి రెండు సెంటీమీటర్ల నీడ ఉంటుంది. ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసినట్లు భూమి చుట్టుకొలత లెక్కకట్టవచ్చు. అయితే సూర్యుడు చుక్క కాదు, అరడిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకని మీటరు కడ్డీ నీడ అంచు దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల మేర మసకగా ఉంటుంది. ఒక మిల్లీమీటరు తప్పితే జవాబు ఐదు శాతం మారుతుంది. నీళ్ల దగ్గర నేర్చుకున్న ‘మూడుసార్లు కొలవాలి’ అన్నది ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. సూర్యుడిని నేరుగా చూడవద్దన్న హెచ్చరిక కడ్డీ పాతకముందే చెప్పాలి.

రోజు ఎలా నడవాలి

బస్సు ఆరున్నరకు బయలుదేరాలి. ఏడున్నరకు అల్పాహారం, ఎనిమిది నుంచి పదిన్నర దాకా ప్రయోగశాల, మజ్జిగ లేదా రాగి జావ, పదకొండు నుంచి పన్నెండు దాకా నోటు పుస్తకం, చర్చ. పన్నెండున్నరకు బస్సు. నోటు పుస్తకంలో పెన్నుతోనే రాయాలి, తప్పు కొట్టివేయాలి గానీ చెరపకూడదు. ఏ భాషలో రాసినా సరే. ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలు ఇంగ్లిషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి కాబట్టి పిల్లలకు రెండు పేర్లూ పరిచయమే. మాట్లాడేటప్పుడు మాత్రం ఇంటి భాషే ముందుకొస్తుంది, దాన్ని ఆపకండి.

ఉపన్యాసం వారానికి ఒకటి, అరగంట. వచ్చినవారు తమ పనిలో ఏది కుదరలేదో చెప్పాలని ముందే అడగండి. కొందరు ఒప్పుకోరు, వాళ్లను పిలవకండి.

పాదరసం థర్మామీటర్లు వద్దు. గాఢ ఆమ్లాలు అసలే వద్దు. కళ్లద్దాలు, నూలు బట్టలు, మూసిన చెప్పులు తప్పనిసరి. చెప్పులు లేనివారికి శిబిరమే కొనివ్వాలి, ఆ పద్దు పట్టికలో ముందే ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నిల్వ ఉంచండి. అవి లేని వేళ లీటరు మంచినీటికి ఆరు సమ టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిపి, విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

ఒక్క పర్యటన చాలు. నంద్యాల దారిలో ఓర్వకల్లు రాళ్లతోట దగ్గరే, తెల్లవారుజామున వెళ్లి తొమ్మిదికల్లా తిరుగుదారి పట్టవచ్చు. బెలూం గుహలు 3,229 మీటర్ల పొడవున అద్భుతమే. కానీ దూరం ఎక్కువ, లోపల ఉక్క కూడా ఎక్కువ, మే నెలలో నేనైతే తీసుకెళ్లను. నవంబరులో తీసుకెళ్లండి.

ఆఖరి రోజు, ఆ తర్వాత

మొదటి రోజు, ఆఖరి రోజు ఒకే పని ఇవ్వండి: పేరులేని రెండు సీసాలు, వీటిలో ఏది బోరు నీరో ఎలా కనుక్కుంటావో రాయి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే శిబిరం ఏం చేసిందో తెలుస్తుంది. ‘శిబిరం మీకు నచ్చిందా’ అన్న ఫారానికి అందరూ చాలా బాగుందనే రాస్తారు, టిఫిను బాగుంటే ఇంకా బాగా రాస్తారు.

ముగింపు సభ ఉదయం తొమ్మిదికి, తల్లిదండ్రుల ముందు. జట్టుకు ఒక చార్టు, దాని పక్కన జట్టులోని నలుగురూ. అతిథులు చార్టుల మధ్య తిరిగి ప్రశ్నలడగాలి. ఉపకులపతికి ఐదు నిమిషాలు, మిగతావారికి ప్రసంగాలు లేవు. ఈ మాట ఆహ్వానపత్రంలోనే అచ్చువేయిస్తే ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకున్నా ఆలస్యమైపోతుంది. మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దు. పిల్లలు అంతదాకా పంచుకున్న అంకెలను ఆ క్షణం నుంచి దాచుకుంటారు.

జూన్‌లో బడులు తెరిచాక ప్రతి బడికీ ఒక చిన్న పెట్టె పంపండి: కరిగిన ఘనపదార్థాలను చూపే టీడీఎస్ మీటరు, రెండు బ్యూరెట్లు, సూచిక, తెలుగులో ఒక పేజీ పద్ధతి. సైన్సు ఉపాధ్యాయుడి పేరు మీదనే ఇవ్వాలి, లేకపోతే అది ప్రధానోపాధ్యాయుల బీరువాలోకి వెళ్తుంది. కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల సైన్సు ఆలోచనలకు నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో బడి ఐదు ఆలోచనలను పంపవచ్చు, ఎంపికైన విద్యార్థికి పదివేల రూపాయలు వస్తాయి. శిబిరం నోటు పుస్తకాల్లోంచే అలాంటివి దొరుకుతాయి, గడువు లోపు నమోదు చేయడానికి ఒక మార్గదర్శకుడిని కేటాయించండి. తొమ్మిదో తరగతికి వచ్చినవారికి ఇస్రో బడిపిల్లలకు నడిపే యువిక కార్యక్రమం గురించి కూడా చెప్పాలి.

వినియోగ ధ్రువపత్రం, బిల్లులు జూన్ నెలాఖరులోగా ఫైనాన్స్ విభాగానికి చేర్చండి. ఆ ఫైలులోనే ఏ రోజు ఎంతమంది రాలేదు, ఏ గాజుసామాను పగిలింది, ఏ బస్సు స్టాపులో ఆలస్యమైంది అన్న ఒక పేజీ జతచేయండి. నవంబరులో కొత్త నోటు రాసేవారు ముందు చదవాల్సినది ఆ పేజీనే.